ఇంటికి పరుపు

ఈ ఎండాకాలం మా ఇంట్లో మధ్యాహ్నం రెండు గంటలకు ఎంత వేడి ఉండేదో రోజు తప్పకుండా నా దగ్గర రాసి ఉంది. పదో తరగతి చివరి పరీక్ష రాసి బయటికి వస్తుంటే మా సైన్సు సారు పిలిచి ఒక థర్మామీటరు చేతిలో పెట్టారు.

“నువ్వు నోరు తెరవవు గానీ రాస్తావు కదా సయీదా. సెలవుల్లో రోజూ ఒకే టైముకు మీ ఇంట్లో వేడి చూసి రాయి. బడి తెరిచాక తెచ్చివ్వు” అన్నారు.

సరే సార్ అనడానికి కూడా నాకు నోరు పెగల్లేదు. తల ఊపాను.

అప్పటికే నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ఆరో తరగతి నుంచి రాస్తున్నాను. దాన్ని చదివే మనిషి ఒక్కతే, మా అక్క రుక్సానా. నేను ఎక్కడ దాచినా వెతికి తీసేది. చదివి ఊరుకునేది కాదు, టీచరులాగా కింద పెన్సిలుతో టిక్కు పెట్టి మార్కులు వేసేది. “పదికి నాలుగు. ఏడుపు ఎక్కువైంది” అని రాసేది. నేను గోల చేసేదాన్ని. అక్క పెళ్ళయి చిలకలూరిపేట వెళ్ళిపోయాక నా డైరీకి మార్కులు లేవు.

మాది గురజాల దగ్గర పల్లె. రెండు గదుల ఇల్లు, పైన సిమెంటు రేకులు. మేం దూదేకులవాళ్ళం. నాన్న మౌలాలీ ట్రాలీ ఆటోలో ఏకుడు మిషను పెట్టుకుని ఊరూరా తిరుగుతాడు. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ నింపి కుట్టి ఇస్తాడు. ఇప్పుడు అందరూ స్పాంజి పరుపులు కొంటున్నారు కాబట్టి నాన్న ఇంట్లో ఉండే రోజులే ఎక్కువ.

ఏప్రిల్ మొదటి వారం నా లెక్క ఇలా ఉంది: నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై రెండు. ఆ వారంలోనే అక్క అత్తగారు ఖాసింబీ ఫోను చేసింది. అక్కకు అప్పటికి ఏడు నెలలు నిండాయి. కాన్పుకు తీసుకొస్తామని అమ్మ అంతకుముందే కబురు పెట్టింది. అమ్మ ఫోను స్పీకరులో పెట్టి నేల మీద ఉంచింది. నాన్న, నానమ్మ, నేను చుట్టూ కూర్చున్నాం.

“వదినా, తొలి కాన్పుకు మీ ఇంటికే పంపించాంగా. ఏమైంది? తొమ్మిది రోజులు. ఆ రేకుల కింద పెద్దోళ్ళే మాడిపోతారు, పసిగుడ్డు ఏం బతికిద్ది? ఈసారి నేను పంపను. మాది స్లాబు ఇల్లు, హాల్లో ఏసీ ఉంది.”

పోయిన ఏడు మే నెలలో అక్కకు బాబు పుట్టాడు. ఎనిమిదో రోజు ఒళ్ళు కాలిపోయింది. పాలు తాగలేదు. పిడుగురాళ్ళ తీసుకెళ్తే డాక్టరు, ఎండకు ఒంట్లో నీరు ఇగిరిపోయింది, ఆలస్యం చేశారు అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ పైకి, రేకుల వైపు చూసి మాట్లాడుకోలేదు.

నాన్న ఫోను దగ్గరికి వంగాడు. “చెల్లెమ్మా, ఇల్లు చల్లగా చేస్తాను. చేస్తే పంపుతారా?”

అవతల నవ్వు వినిపించింది. “ఎట్టా చేస్తావన్నా? సరే, నేనే వస్తా. మధ్యాన్నం రెండింటికి ఆ రేకుల కింద గంటసేపు కూర్చుంటా. కూర్చోగలిగితే పంపిస్తా. సరేనా?”

మర్నాడు అక్క తనే ఫోను చేసింది. గొంతు తగ్గించి, తొందరగా మాట్లాడింది.

“నాన్నా, నేను మనింటికే వస్తా.”

“ఇక్కడ ఎండమ్మా.”

“ఇక్కడా ఎండే.”

“అదేందే, ఏసీ ఉందంటగా?”

“ఉంది” అని పెట్టేసింది.

నాన్నకు అది అర్థం కాలేదు. మా మనసు కష్టపెట్టకూడదని అలా అంటోంది అనుకున్నాడు. మేమందరం అలాగే అనుకున్నాం.

ముందు సున్నం. పిడుగురాళ్ళ నుంచి రెండు బస్తాల సున్నం తెచ్చి, పెద్ద డ్రమ్ములో కలిపి, నాన్న రేకుల మీదికి ఎక్కాడు. కింద నుంచి నానమ్మ జాన్‌బీ అరుస్తూనే ఉంది. ఆమెకు కళ్ళు సరిగ్గా కనపడవు గానీ చెవులు చురుకు.

“ఒరేయ్ మౌలాలీ, నడిమిట్లో తొక్కమాక. బోల్టులున్న చోట కాలెయ్యి.”

“తొక్కట్లేదులే అమ్మా.”

“టక్కుమంది. ఇన్నా నేను.”

“చెప్పు జారింది.”

నాన్న వంగి చూశాడు. ఏమీ కనిపించలేదు. దాని మీద కూడా సున్నం పూశాడు. సాయంత్రానికి మా ఇల్లు వీధిలో తెల్లగా మెరుస్తూ నిలబడింది. ఎదురింటి లక్ష్మీనారాయణ బాబాయి అరుగు మీద నుంచి కేకేశాడు.

“ఏంది మౌలాలన్నా, ఇంటికి పౌడరు రాశావు? పెళ్ళిచూపులా?”

“అవునన్నా. చెల్లెమ్మ చూడటానికి వస్తంది. కుదిరితే కూతురు వచ్చిద్ది.”

నలభై మూడు ఉన్నది నలభైకి దిగింది. అమ్మ సంతోషపడింది. నాన్న రెండింటికి లోపల కూర్చుని చూశాడు. ఇరవై నిమిషాలకు చొక్కా తడిసిపోయింది. లేచి బయటికి వచ్చి, “గంట కూర్చోలేదమ్మా ఆవిడ” అన్నాడు.

కరెంటు పని చేసే సుధాకర్ బాబాయి సోలారు పెట్టించుకుని చిన్న ఏసీ తెచ్చుకోమన్నాడు. నాన్న చిలకలూరిపేటలో ఆ కంపెనీవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగి వచ్చాడు. రేకుల మీద పలకలు పెట్టరంట, స్లాబు ఉంటే రమ్మన్నారంట. ఇంట్లో రెండు రోజులు ఆ మాటే లేదు.

మూడో రోజు వీధిలోకి పుల్లఐసు బండి వచ్చింది. నాన్న దాని వెనకాలే నాలుగు ఇళ్ళ దాకా వెళ్ళాడు, కొనడానికి కాదు. తిరిగొచ్చి అమ్మతో అన్నాడు:

“మెహరున్నీసా, చిన్నప్పుడు ఐసు పెట్టెలకి నేనూ నాన్నా దూది మెత్తలు కుట్టేవాళ్ళం గుర్తుందా? నీకెట్టా గుర్తుంటుందిలే, అప్పుడు నువ్వు లేవు. పైనా చుట్టూ దూది మెత్త. సాయంత్రం దాకా ఐసు కరిగేది కాదు.”

“అయితే?”

“ఇంటికి కుడదాం.”

“ఏంది కుట్టేది?”

“పరుపు.”

అమ్మ నాన్న మొహంలోకి చూసింది. ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుని ఉంటుంది. నానమ్మ మాత్రం మూల నుంచి, “చవక దూది చాలు. తొక్కి నింపమాక, వదులుగా ఉండాల” అంది. తాత ఏకిన విల్లు ఆమె తల వైపు గోడకు ఇప్పటికీ తగిలించి ఉంటుంది.

దూదిని బావే ఇప్పించాడు. సుభానీ బావ పేటలో నూలు మిల్లులో సూపర్‌వైజరు. వాళ్ళమ్మకు చెప్పకుండా, మిల్లులో మిగిలిపోయే వేస్టు దూది ఆటోకి ఎత్తించాడు. మూడు రోజులు మా వాకిట్లో ఏకుడు మిషను ఆడింది. అన్నంలో దూది, నీళ్ళ బిందెలో దూది, నానమ్మ కనుబొమ్మల మీద దూది. పరుపు గుడ్డకు కొత్తది కొనలేక, పాత పరుపులు విప్పినప్పుడు మిగిలిన చారల గుడ్డలన్నీ ఉతికి కలిపాం. వాటి మీద ఎవరెవరి మరకలో ఉన్నాయి. దబ్బనంతో నేనూ అమ్మా కుట్టాం. తొమ్మిది పరుపులు. లోపలి గదిలో మంచం పైకి వచ్చేది మొత్తం నేనొక్కదాన్నే కుట్టాను.

రేకుల కింద ఇనుప పైపులకు వెదురు బద్దలు అడ్డంగా కట్టి, వాటి మీద ఆ పరుపులు పరిచి, బైండింగు వైరుతో బిగించారు. సుధాకర్ బాబాయి వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

“దూదిలో నుంచి వైరు పోతందేందన్నా! ఒక్క నిప్పురవ్వ చాలు, ఇల్లంతా బుగ్గయిపోద్ది.”

ఆయనే కూర్చుని వైర్లన్నీ పీకి గోడల మీదుగా కిందికి దించాడు. ఆ రోజు నుంచి మాకందరికీ నిప్పు భయం పట్టుకుంది. అమ్మ పొయ్యి వాకిట్లోకి మార్చింది. బీడీ తాగేవాళ్ళు లోపలికి రాకూడదని నాన్న నా చేత అట్ట మీద రాయించి తలుపుకు తగిలించాడు. లక్ష్మీనారాయణ బాబాయి దాన్ని పైకి చదివి, “పెట్రోలు బంకు పెట్టావేందన్నా?” అన్నాడు. అందరం నిప్పు గురించే ఆలోచించాం.

మొదటి రోజు రెండు గంటలకు నాన్న వాకిట్లో నుంచి అడిగాడు. “ఎంతమ్మా?”

నేను డైరీ పట్టుకుని బయటికి వెళ్ళి చూపించాను. ముప్పై ఆరు. నాన్న లోపలికి వచ్చి థర్మామీటరు తనే తీసుకుని చూశాడు. దాన్ని నిమిరి మళ్ళీ మేకుకు తగిలించాడు.

ఆ వారం వీధిలో ఆడవాళ్ళందరూ మధ్యాహ్నాలు మా ఇంట్లోనే ఉన్నారు. ఎవరొచ్చినా నాన్న, “సయీదా, లెక్క చూపించమ్మా” అనేవాడు. నేను డైరీ ఆ పేజీ వరకే తెరిచి, మిగతాది చేత్తో మూసి చూపించేదాన్ని.

ఏప్రిల్ ఆఖర్లో ఖాసింబీ అత్తమ్మ వచ్చింది. బావ వెంట వచ్చాడు. బయట నలభై ఐదు. ఆమె లోపలికి రాగానే తల ఎత్తి ఆ చారల గుడ్డలను చూసి, “ఏందన్నా ఇది, సర్కసు డేరాలాగుంది” అంది. సరిగ్గా రెండింటికి మంచం మీద కూర్చుంది. నాన్న గడియారం తెచ్చి ఎదురుగా పెట్టాడు. అమ్మ నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. నేను తలుపు చాటున నిలబడ్డాను.

పది నిమిషాలు గడిచాయి. ఆమె కొంగుతో ఒకసారి మెడ తుడుచుకుంది. ఇంకో పది నిమిషాలకు దిండు దగ్గరికి లాక్కుని ఒరిగింది. ఆ తర్వాత చిన్నగా గురక వినిపించింది. బావ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం అసర్ నమాజుకు అజా వినిపించే దాకా ఆమె లేవలేదు. లేచి అందరూ తననే చూస్తుండేసరికి, “ప్రయాణం బడలిక” అంది.

బావ నా డైరీ అడిగి తీసుకుని అంకెలు పైకి చదివాడు. నలభై మూడు, నలభై, ముప్పై ఆరు, ముప్పై ఆరు, ముప్పై ఏడు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

“సరేలే, ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి” అంది అత్తమ్మ.

నాన్న ఆమెకు దండం పెట్టబోయాడు. నానమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

అక్క వచ్చిన రోజు ఇంట్లోకి రాగానే మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ ఉండిపోయింది. “అన్నీ ఎవరో ఒకరు పడుకున్న గుడ్డలేగా ఇవి” అని నవ్వింది. ముఖం నల్లబడింది. చేతులు సన్నబడ్డాయి, పొట్ట ఒక్కటే ఉంది మనిషిలో. ఆ మధ్యాహ్నం మేమిద్దరం పక్కపక్కన పడుకున్నాం.

“అక్కా, మీ ఇంట్లో ఏసీ చానా చల్లగా ఉండిద్దా?”

“నాకేం తెలుసే?”

నేను అర్థం కాక చూశాను.

“అది హాల్లో ఉంది. హాల్లో మామయ్యా, అత్తమ్మా, ఆయనా. నేను వంటింట్లో పడుకుంటా, తెల్లారే టిఫిను పనికి లేవాలిగా. ఏసీకి వెనక ఇంకో డబ్బా ఉండిద్ది చూడు, అది సరిగ్గా వంటింటి కిటికీ పక్కనే బిగించారు. హాల్లో వేడంతా లాగి తెచ్చి నా మొహాన పోసిద్ది.” అక్క పక్కకు తిరిగింది. “కిటికీ మూస్తే గాలాడదు. తెరిస్తే అది. పోయిన ఏడు బాబు పోయాక ఇరవయ్యో రోజున నన్ను తీసుకెళ్ళారు గుర్తుందా? ఆ ఎండాకాలం అంతా అక్కడే పడుకున్నా.”

“బావకు చెప్పలేదా?”

“చెప్పా. ఆ డబ్బా ఇంకెక్కడా పట్టదన్నాడు.”

దీని గురించి ఆ రోజు రాత్రి డైరీలో రాశాను. మర్నాడు చూస్తే కింద పెన్సిలు టిక్కు ఉంది. “పదికి ఏడు. ఇవన్నీ రాయమాకే, అమ్మ చూసిద్ది” అని ఉంది. నాకు కోపం రాలేదు. మూడేళ్ళ తర్వాత వచ్చిన మార్కులు.

రెండు వారాలు ఇల్లు ఇల్లులాగా ఉంది. నేను పరీక్ష పాసైనందుకు అక్క సేమ్యా చేసింది. అమ్మ పాత లుంగీలు చింపి పాపాయి గుడ్డలు కుట్టింది. డాక్టరు మే ఇరవై ఎనిమిది అని తేదీ రాసిచ్చింది. నాన్న కాలెండరులో దాని చుట్టూ గుండ్రంగా గీశాడు.

మే పదమూడు, మంగళవారం సాయంత్రం గాలిదుమారం లేచింది. ఆకాశం ఎర్రగా అయిపోయి, ఎక్కడి దుమ్మో వచ్చి ఊరి మీద పడింది. వెనకే వాన, గంటసేపు ఆగకుండా. ప్రతి ఏడూ ఇలాంటి వానకు మా ఇంట్లో గిన్నెలూ బకెట్లూ పరిచేవాళ్ళం. అమ్మ అలవాటుగా గిన్నెలు పెట్టింది. వాన వెలిసే దాకా ఒక్క చుక్క పడలేదు.

నాన్న మూడు గిన్నెలూ వేళ్ళతో తడిమి చూసి అరుగు మీదికి వెళ్ళి కేకేశాడు. “లచ్చన్నా, చూడు! ఎండనే కాదు, వాననూ ఆపింది మా పరుపు!”

“ఇంక నువ్వు ఊళ్ళో అన్ని ఇళ్ళకూ కుట్టొచ్చు మౌలాలన్నా. నాకు ముందు కుట్టు.”

నానమ్మ లోపల నుంచి, “ఒరేయ్, దూది తాగిందేమో చూడరా” అంది. నాన్న స్టూలు వేసుకుని గోడ పక్కన అంచులో చెయ్యి పెట్టి చూశాడు. పొడిగానే ఉంది.

బుధవారం మధ్యాహ్నం పడుకుని పైకి చూస్తుంటే అక్క మంచం పైన ఒక మరక కనిపించింది. ఆ గుడ్డ నిండా మరకలే. కానీ ఆ పరుపు కుట్టింది నేను, రోజూ దాన్ని చూస్తూ పడుకునేది నేను. అరచేయంత, గోధుమరంగులో. నిన్న లేదు. డైరీలో రాశాను. గురువారానికి పెద్దదైంది. శుక్రవారానికి కంచమంత అయింది, గుడ్డ కొంచెం కిందికి దిగినట్టు కూడా అనిపించింది.

నాన్నకు చెప్పాలని మూడుసార్లు వాకిట్లోకి వెళ్ళాను. మొదటిసారి లక్ష్మీనారాయణ బాబాయి ఉన్నాడు. రెండోసారి నాన్న ఆయన ఇంటికి ఎన్ని పరుపులు పడతాయో టేపుతో కొలుస్తున్నాడు. మూడోసారి ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి, “ఎంతమ్మా ఇవాళ?” అన్నాడు. “ముప్పై ఆరు” అన్నాను. అది చెప్పి లోపలికి వచ్చేశాను. చెబితే పరుపు విప్పుతారు. విప్పితే అక్కను తీసుకెళ్ళిపోతారు. రేపు చెబుదాం అనుకున్నాను.

శనివారం అక్క నాతో, “నీకు గురక ఎక్కువైందే. నిద్ర పట్టట్లేదు. బయట గదిలో పడుకో” అంది. నాకు గురక రాదు. చిన్నబుచ్చుకుని చాప తీసుకుని బయట గదిలోకి వెళ్ళాను. ఆ రోజూ చెప్పలేదు.

ఆదివారం బావ వచ్చాడు, మామిడిపండ్లు తీసుకుని. బయట గదిలో కూర్చుని అన్నం తింటున్నాడు. అక్క లోపల మంచం మీద పాపాయి గుడ్డలు మడత పెడుతోంది. “రుక్సానా, నీళ్ళు” అన్నాడు బావ. అక్క లేచి చెంబు తీసుకుని గడప దాటింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. బండిలో నుంచి బస్తా దించినట్టు అయింది, అంతే. తర్వాత మంచం కోడు విరిగిన శబ్దం. అందరం వెళ్ళి చూశాం. నేను కుట్టిన పరుపు మంచం నిండా పడి ఉంది. విరిగిన వెదురు బద్దలు దానిలో నుంచి పైకి లేచి ఉన్నాయి. అంచుల నుంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. పైన, రేకులో, వెంట్రుకంత సన్నగా వెలుగు గీత కనిపించింది. సున్నం పూసిన రోజు టక్కుమన్న చోటు.

అక్క చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. బావ మంచం వైపు చూశాడు, అక్క పొట్ట వైపు చూశాడు. అన్నం చెయ్యి కడుక్కోకుండానే బయటికి వెళ్ళి ఫోను చేశాడు. తిరిగొచ్చి, “అమ్మ తీసుకురమ్మంటంది” అన్నాడు.

“నేను రాను” అంది అక్క.

“ఇంకేం రాను? చూడు అది. నువ్వు లేచావు కాబట్టి సరిపోయింది.”

“మిగతా ఎనిమిదీ బాగానే ఉన్నాయి. ఈ గదిలో పడుకుంటా. నాన్నా, చెప్పు నాన్నా.”

నాన్న పరుపు పక్కన కూర్చుని ఉన్నాడు. దాన్ని ఒక మూల పట్టి లేపడానికి చూశాడు. లేవలేదు. బావ వచ్చి రెండో మూల పట్టాడు. అయినా లేవలేదు. నాన్న చేతులు దులుపుకుని లేచి, గోడకున్న అక్క సంచి తీసి, చెట్టంత మనిషి వంగి, తడవని గుడ్డలన్నీ ఏరి అందులో పెట్టాడు.

“పో అమ్మా” అన్నాడు. “ఇక్కడ వద్దు.”

అక్క ఆటో ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, “డైరీకి మార్కులేశానే, చూసుకో” అంది. నేను తల ఊపాను. ఆ డైరీని ఆ రాత్రే పెట్టె అడుగున పెట్టేశాను.

ఆ సాయంత్రమే మిగతా ఎనిమిదీ విప్పేశారు. మూడు తడిసి ఉన్నాయి. దూది వీధిలో పట్టాల మీద ఆరబోశారు. నానమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చాను. ఆమె వంగి దూదిలో చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

“రైతులు పత్తికి నీళ్ళు చల్లి తూకానికి తెస్తే మీ తాత గుమ్మంలోనే పట్టేసేవాడు” అంది. “దూదేకులోళ్ళం. తడి దూది బరువు మర్చిపోయాం గదరా.”

నాన్న వినిపించుకోనట్టే ఉన్నాడు. లక్ష్మీనారాయణ బాబాయి అరుగు దిగి వచ్చి దూది ఆరబోయడానికి చెయ్యి వేశాడు.

అక్కకు మే ఇరవై తొమ్మిదిన ఆపరేషను చేసి పాపను తీశారు. అమ్మా నాన్నా వెళ్ళి చూసి వచ్చారు. హాల్లో గంట కూర్చోబెట్టి టీ ఇచ్చారంట. “చల్లగా ఉందా అక్కడ?” అని అడిగింది నానమ్మ. “హాల్లో చల్లగానే ఉంది” అంది అమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది. బావ ఫోనుకి ఫొటో పంపాడు. అక్క ఒళ్ళో పాప కళ్ళు మూసుకుని ఉంది. వెనక కిటికీ, కిటికీ అవతల తెల్ల డబ్బా, దాని గుండ్రటి జాలీ. మూడో నెల దాకా పంపేది లేదని అత్తమ్మ అమ్మతో చెప్పిందంట. తర్వాతైనా ఆ రేకుల కిందికి మాత్రం పంపనని కూడా చెప్పింది.

జూన్ పన్నెండున బడి తెరిచారు. థర్మామీటరు తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ శుక్రవారం తర్వాత నేను డైరీ తెరవలేదు, లెక్కలు కాలెండరు మీదే రాశాను. అన్నీ ఒక తెల్లకాగితం మీదికి ఎక్కిద్దామని ఆ రోజు డైరీ తెరిచాను. మే పద్నాలుగు. పదిహేను. పదహారు.

“శుక్రవారం. 36. మరక కంచమంత అయింది. గుడ్డ కిందికి దిగింది. రేపు నాన్నకు చెప్పాలి.”

దాని కింద పెన్సిలు టిక్కు. పదికి పది. పక్కన అక్క అక్షరాలు:

“చెప్పమాకే. ఇంక పన్నెండు రోజులేగా.”

అంటే మరక సంగతి అక్కకు తెలుసు. శనివారం నన్ను బయట గదిలో పడుకోమంది. తను మాత్రం ఆ మంచం మీదే పడుకుంది. శనివారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం బావ నీళ్ళడిగే దాకా.

“ఎంతమ్మా ఇవాళ?” అన్నాడు నాన్న వాకిట్లో నుంచి. అలవాటు పోలేదు.

“నలభై ఒకటి” అన్నాను. ఆ మాట మాత్రమే చెప్పాను. పెన్సిలు రాత గురించి చెబితే అక్క అక్కడ ఎలా ఉందో నాన్నకు తెలుస్తుంది. తెలిసి నాన్న ఏం చేస్తాడు? పైన ఏముందని తీసుకొస్తాడు?

బళ్ళో సారు నా కాగితం చేతిలోకి తీసుకుని వేలితో ఒక్కో అంకె మీదుగా వచ్చారు.

“భలే రాశావమ్మా. ఇదిగో ఇక్కడ సున్నం, మూడు డిగ్రీలు. ఇక్కడ దూది, ముప్పై ఆరు! రేకుల ఇంట్లో! మీ నాన్నగారిని ఒకసారి బడికి తీసుకురా, పిల్లలకు చెప్పిద్దాం.” ఆయన వేలు మే పంతొమ్మిది దగ్గర ఆగింది. “ఇదేంటి, ఇక్కడి నుంచి మళ్ళీ నలభై మూడు? ఏమైంది?”

నేను నేల చూస్తూ నిలబడ్డాను.

“నువ్వు నోరు తెరవవు కదా” అని నవ్వారు సారు.

తెరిచాను.

“తెలవదు సార్” అన్నాను.